ఇంట్లో పాడిన పాటకు ఏ మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలి? ముందు తాళాల సంగతి చూడండి

అమ్మ పాడిన భక్తి పాటలు ఇంట్లోనే రికార్డ్ చేశాననీ, యూట్యూబ్‌లో పెడితే మిగతావాళ్ళ పాటలకన్నా చిన్నగా వినిపిస్తున్నాయనీ, 20 వేల రూపాయల లోపు మంచి మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ (తయారైన పాటకు చివరి మెరుగులు దిద్ది గట్టితనం సరిచేసేది) ఏదో చెప్పమనీ మీరు అడిగారు.

కొనకండి. ఇప్పుడే మాత్రం అస్సలు కొనకండి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వెనక గదిలో ఎనిమిదేళ్ళుగా రికార్డింగ్ చేస్తున్నాను. భజన బృందాలు, పెళ్ళి పాటలు, సంగీతం నేర్చుకునే పిల్లల కీర్తనలు, అన్నీ చేశాను. మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ మార్చడం వల్ల బాగుపడిన పాట ఇంతవరకూ ఒక్కటి కూడా చూడలేదు. మైకు ఒక జానెడు పక్కకి జరపడం వల్ల బాగుపడినవి మాత్రం చాలా చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మూడేళ్ళ కిందట దసరాకి జరిగింది నేను మర్చిపోలేను. మా పిన్ని చాలా బాగా పాడుతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం పొద్దున్నే వేసే భక్తిరంజని వింటూ పెరిగిన గొంతు. మా వీధి పందిట్లో వేయడానికి ఆవిడ చేత అమ్మవారి పాటలు ఆరు పాడించాను. రికార్డింగ్ మే నెలలో. ఫ్యాన్ వేస్తే మైకులో గాలి చప్పుడు, ఆపితే చెమటకి హార్మోనియం మెట్ల మీద వేళ్ళు జారిపోయేవి. పగలంతా కూరగాయల బండ్ల మైకులు. చివరికి తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టి, నాలుగున్నరకి కోయిల అందుకోగానే ఆపేసేవాళ్ళం. అందరూ ఒకే గదిలో కూర్చున్నారు. తాళాలు వేసే బాబాయి మా పిన్ని మైకుకి మూరెడు దూరంలో ఉన్నారు. ఆయన్ని అక్కణ్ణుంచి లేపి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఈ కథే లేదు.

మిక్సింగ్ (గొంతునీ వాద్యాలనీ తగిన పాళ్ళలో కలిపే పని) పైపైన ముగించి, పాట ఎక్కిస్తే నిమిషంలో మాస్టర్ చేసి ఇచ్చే ఒక ఆన్‌లైన్ సర్వీసుకి డబ్బు కట్టాను. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు రకాలుంటే ఎక్కువే నొక్కాను. హెడ్‌ఫోన్స్‌లో విని ఒళ్ళు పులకరించింది.

పాడ్యమి సాయంత్రం పిన్ని పట్టుచీర కట్టుకుని పందిట్లో మొదటి వరసలో కూర్చుంది. మైక్ సెట్ ఆయన ముందు పాత పాటలు రెండు వేశారు. ఆ గొంతులు వీధి చివరిదాకా తేటగా వినిపించాయి. తర్వాత మా పెన్‌డ్రైవ్ పెట్టారు. పల్లవి పూర్తి కాకముందే ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులకి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. పిన్ని వెనక్కి తిరిగి, "ఒరేయ్, నా గొంతేదిరా? అన్నీ తాళాలేగా!" అంది. నేను పరిగెత్తుకుంటూ యాంప్లిఫయర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అప్పటికే రెండుసార్లు తగ్గించారు. "తగ్గిస్తే పాట వినపడట్లేదు బాబూ, పెంచితే అరుస్తోంది. ఆ అరుపు నా డబ్బాల్లో లేదు, మీ పాటలోనే ఉంది" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మాస్టరింగ్‌లో శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కిపెట్టే లిమిటర్ అనేది ఒకటి ఉంటుంది. తాళం కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ దానికి తగులుతుంది. లిమిటర్‌కి తాళం వేరు, గొంతు వేరు అని తెలియదు. మొత్తం పాటనే కిందికి నొక్కేస్తుంది. అంటే సరిగ్గా తాళం పడిన చోటల్లా మా పిన్ని గొంతు మునిగిపోతోంది. పాటను ఎంత గట్టిగా చేయమంటే అంత ఎక్కువ మునుగుతుంది.

మీ పాట చిన్నగా వినిపించడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. తాళాలో, మృదంగం దెబ్బలో ఒక్కో క్షణం శబ్దం పైహద్దుని తాకుతుంటాయి, అమ్మగారి గొంతు ఎక్కడో కింద ఉంటుంది. ఇంక పెంచడానికి చోటేది?

విదియ, తదియ రెండు రాత్రులు కూర్చున్నాను. తాళాల కోసం విడిగా పెట్టిన మైకు ట్రాకుని మొత్తం ఆపేశాను. పిన్ని మైకులో పడిన తాళాలే సరిపోయాయి. పిన్ని మైకు ట్రాకు మీద టీడీఆర్ నోవా అనే డైనమిక్ ఈక్యూ వేసి, తాళం గణగణమన్నప్పుడు మాత్రమే పై ఫ్రీక్వెన్సీలు తగ్గేటట్టు పెట్టాను. నోవా ఉచితంగా దొరుకుతుంది. చివర్లో లౌడ్‌మ్యాక్స్ అనే లిమిటర్ పెట్టాను, అదీ ఉచితమే. అది తాళం దెబ్బలని కొద్దిగా తాకి వదిలేస్తే చాలు అనుకున్నాను. చవితి రోజు ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చాను. మైక్ సెట్ ఆయన నన్నేమీ అడగకుండా తనంతట తనే వాల్యూమ్ పెంచారు. రెండో చరణం దగ్గర పిన్ని తన పాటతో తనే గొంతు కలిపి మెల్లగా పాడుకోవడం చూశాను.

యూట్యూబ్ సంగతికి వస్తే, మీరు పోటీ పడాలనుకుంటున్న ఆ గట్టి పాటలని యూట్యూబే తగ్గించి వినిపిస్తుంది. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కంటెంట్ లౌడ్‌నెస్ అని కనిపిస్తుంది. నేను మొదట ఎక్కించిన ఆ అరుపు పాట మైనస్ 8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట గట్టితనాన్ని కొలిచే లెక్క, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ గట్టిగా ఉన్నట్టు) దగ్గర ఉంది. యూట్యూబ్ లెక్క మైనస్ 14 చుట్టూ ఉంటుంది. అంటే 6 డీబీ (డెసిబెల్స్) ఎక్కువ, కాబట్టి వాల్యూమ్‌ని 50 శాతానికి దించేసింది. గొంతుని నలిపి సంపాదించిన ఆ గట్టితనమంతా అక్కడే పోయింది. అయితే మరీ చిన్నగా ఉన్న పాటను అది పెంచదు. అందుకని మీరు మైనస్ 14 దగ్గరికి తెచ్చి, ట్రూ పీక్ (పాటలో శబ్దం అన్నిటికన్నా పైకి వెళ్ళే చోటు) మైనస్ 1 దాటకుండా చూసుకుంటే చాలు. కొలవడానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఈమధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ "సినిమా పాటలా కొట్టాలి" అంటున్నారు. పాట మెల్లగా ఎత్తుకుని, అనుపల్లవిలో పెరిగి, చరణంలో నిండుగా రావాలి. మన సంగీతంలో ఉన్న అందమే అది. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఒకే గట్టితనంతో ఉంటే అది పాడినట్టా, పిలిచినట్టా? పాతిక వేలు ఖరీదు చేసే ప్లగిన్లని (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించుకునేవి) పెన్‌డ్రైవ్‌లో ఊరికే ఇచ్చేవాళ్ళు ఇంకో బెడద. అలాంటిది వేసుకున్న నా స్నేహితుడి కంప్యూటర్‌లోకి వైరస్ దూరి, ఏడాది పాటు చేసిన రికార్డింగులన్నీ పోయాయి. వాటిని తాకకండి.

మరి ఐజోటోప్ ఓజోన్ లాంటి మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్లు వద్దా అంటే, మంచి సాఫ్ట్‌వేరే, నేనూ వాడతాను. కానీ అందులో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది గెయిన్ మ్యాచ్ బటన్. మాస్టర్ చేసిన పాటనీ చేయని పాటనీ ఒకే గట్టితనంలో వినిపిస్తుంది. గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, మన చెవి తీరే అంత. సమానంగా పెట్టి విన్నప్పుడు చాలాసార్లు చేయని పాటే బాగుందని తేలింది. ఆ పని ఉచితంగా కూడా చేయొచ్చు, ఫేడర్ (వాల్యూమ్ మీట) దించి వినడమేగా. ఇక ఓజోన్‌లోని మాస్టర్ అసిస్టెంట్ దానంతటదే అన్నీ పెట్టేస్తుంది కానీ, హార్మోనియం పక్కన కూర్చుని పాడే అమ్మ గొంతు ఎలా ఉండాలో దానికి నేర్పినవాళ్ళు ఎవరూ ఉండరని నా నమ్మకం.

ఫోన్ స్పీకర్‌లో విని చూడండి. మృదంగం తొప్పి వైపు మోత దాదాపు వినపడదు, గొంతూ తాళాలూ మాత్రమే మిగులుతాయి. అక్కడ గొంతు పైన ఉంటే మీ మిక్స్ సరిగ్గా ఉన్నట్టే. చిన్న ట్రాన్సిస్టర్‌లో భక్తిరంజని విన్నప్పుడు ప్రతి అక్షరం ఎందుకు అర్థమయ్యేదో అప్పుడు తెలుస్తుంది.

మీ 20 వేల సంగతి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, 60 రోజులు ఊరికే వాడుకోవచ్చు, నచ్చితే ఇంటి వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. మంచి క్లోజ్డ్ బ్యాక్ (వెనకవైపు మూసి ఉండే) హెడ్‌ఫోన్స్ ఒకటి తీసుకోండి. మిగిలిన డబ్బుతో రెండు మందపాటి బొంతలు కుట్టించి అమ్మగారి వెనక కట్టండి. చాలామంది మైకు వెనక గోడకి కడతారు. మైకు చూసేది అమ్మగారి వెనక ఉన్న గోడనే, ప్రతిధ్వని అక్కణ్ణుంచే లోపలికి వస్తుంది. తాళాలు వేసేవాళ్ళని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఒక్క పాట మళ్ళీ పాడించండి. అప్పటికీ చిన్నగానే వినిపిస్తే మీటర్ ఎంత చూపిస్తోందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.