టెక్ సందేహాలు: అటక మీద నుంచి దిగిన ప్రశ్నలు

సిరిమాను పండగ దగ్గర పడితే విజయనగరంలో ఇల్లిల్లూ అటక దులుపుతుంది. దుమ్ముతో పాటు కొన్ని సందేహాలు కూడా కిందికి దిగుతాయి. ఈసారి ఉత్తరాల్లో కొత్త ఫోన్ ఏది కొనాలని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ పాత సామానే పట్టుకొచ్చారు. సరే, ఈ వారం దానికే.

1998లో నాన్న కొనిచ్చిన టీవీ వీడియో గేమ్ దొరికింది. రెండు రిమోట్లు, పసుపు క్యాసెట్టు, బాతుల్ని కాల్చే గన్ను అన్నీ ఉన్నాయి. అడాప్టర్ మాత్రం లేదు. మా 43 అంగుళాల స్మార్ట్ టీవీకి ఎలా కలపాలి? గన్ను పని చేస్తుందా? మావాడైతే "ఇదేటి నాన్నా, టచ్ లేదా?" అంటున్నాడు.
- విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఒక పాఠకుడు

ముందు అడాప్టర్ సంగతి. మూల పడున్న సెటాప్ బాక్స్ అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చేయకండి. అవి ఎక్కువగా 12 వోల్టులవి. గేమ్ పెట్టె అడుగున దానికి ఎన్ని వోల్టులు కావాలో రాసి ఉంటుంది, చాలావాటికి 9. పక్కనే చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. పిన్ను మధ్యలో ఉన్నది ప్లస్సో మైనస్సో అది చెబుతుంది. రెండూ కుదిరిన అడాప్టరే పెట్టాలి. ప్లస్, మైనస్ తారుమారైతే పాతికేళ్లు బతికిన పెట్టె ఒక్క క్షణంలో పోతుంది.

ఇక బొమ్మ. పెట్టెకి పసుపు, తెలుపు పిన్నులు పెట్టే రంధ్రాలుంటే పని సులువు. మీ టీవీ వెనక ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిదాని దగ్గర 'ఏవీ ఇన్' అని ఉందేమో చూడండి. ఉంటే దానికి సరిపడే మూడు రంగుల తీగ చాలు. లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా కొనాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా కూడా అచ్చం అలాగే ఉంటుంది, అది మీకు పనికిరాదు. కొనేముందు బాణం గుర్తు ఎటు చూస్తోందో చూసుకోండి. యాంటెన్నా తీగ ఒక్కటే ఉన్న పెట్టె అయితే టీవీ మెనూలో ఎనలాగ్ ట్యూనింగ్ వెతకాలి. కొన్ని కొత్త టీవీల్లో అది అసలు ఉండదు.

క్యాసెట్టు పెట్టినా తెర తెల్లగానే ఉంటే మనందరి చెయ్యీ ఒకే పనికి వెళ్తుంది. బయటికి తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టడం. నిజానికి ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదు. తీసి పెట్టినప్పుడు పిన్నులు కొత్తగా ఆనుకుంటాయి, ఆ దెబ్బకే బొమ్మ వచ్చేది. నోటి తడి వల్ల లోపలి రాగికి చిలుం పట్టడమొక్కటే అదనం. దూది చుట్టిన పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నులు తుడవండి, ఆరాక పెట్టండి. క్యాసెట్టు మీద '9999 ఆటలు' అని రాసున్నా కంగారు పడకండి, లోపల ఉన్నవే మళ్లీ మళ్లీ వస్తాయి.

గన్ను మాత్రం కొత్త టీవీతో పని చేయదు. గన్నులోంచి ఏదో కిరణం వెళ్లి బాతుకి తగులుతుందని మేం నమ్మేవాళ్లం. జరిగేది దానికి తిరగబడి. గన్నులోంచి ఏదీ బయటికి రాదు, అది ఒక కన్ను. మీరు నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చదరం వెలుగుతుంది. ఆ క్షణంలో గన్ను కంటికి వెలుగు కనపడితే బాతు పడినట్టు, లేకపోతే ఆటలోని కుక్క మిమ్మల్ని చూసి నవ్వినట్టు. డబ్బా టీవీలో ఇదంతా లెక్కప్రకారం జరిగిపోతుంది. కొత్త టీవీ వచ్చిన బొమ్మని ముందు సరిచేసుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ఈలోగా గేమ్ పెట్టె 'గురి తప్పింది' అని తేల్చేస్తుంది. పైగా అసలు గన్ను డబ్బా టీవీ తెర మీద బొమ్మని గీతలు గీతలుగా గీసే వేగాన్ని పట్టుకునేలా చేసింది, వేరే వెలుగుని లెక్కలోకే తీసుకోదు.

అందుకని గన్ను ఆడించాలంటే పాత డబ్బా టీవీ వెతకాల్సిందే. పాత సామాన్ల కొట్లో దొరికినా వెనక మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల వేల వోల్టులు నిలవ ఉండొచ్చు.

అన్నట్టు, మనం ఆడిన ఈ పెట్టెల్లో చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లే. మావాళ్లు కోట దగ్గర సందులో గంటకింత అని అద్దెకి ఆడించే షాపుకి పంపేవారు. అక్కడి ఓనరుకి గానీ మాకు గానీ నింటెండో అనే పేరే తెలీదు. వీడియో గేమ్ అంటే వీడియో గేమే.

నాన్నగారు ఊళ్లో జముకుల కథ చెప్పించి టేప్ రికార్డర్‌లో ఎక్కించిన ఆరు క్యాసెట్లు ఉన్నాయి. 2018లో తిత్లీ తుపానుకి రేకులు లేచిపోయి తడిశాయి. ఆరబెట్టి దాచాం. ఒకదానికి తెల్లగా బూజు కనిపిస్తోంది. ఇవి ఫోన్‌లోకి ఎక్కించగలమా?
- సోంపేట దగ్గర నుంచి ఒక టీచర్

ఈ వారం ఉత్తరాల్లో తొందర పడాల్సింది మీరొక్కరే. వీడియో గేమ్ పోతే అలాంటిది ఇంకొకటి ఎక్కడో దొరుకుతుంది. ఈ ఆరు క్యాసెట్లకి నకలు లేదు.

బూజు పట్టినదాన్ని వేరే కవర్లో పెట్టి పక్కన ఉంచండి, ఇప్పుడే వేయొద్దు. బూజు ముందు టేప్ రికార్డర్లో టేపుని చదివే హెడ్‌కి, అక్కడి నుంచి మిగతా ఐదింటికీ అంటుకుంటుంది. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వాడొద్దు. దాన్ని ఈ పని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి, ఎక్కువ డబ్బు అడిగినా సరే.

మిగతా ఐదూ మీరే చేసుకోవచ్చు. పాత టేప్ రికార్డర్లో బెల్టు సాగిపోయి ఉంటుంది, ముందు మెకానిక్‌తో మార్పించండి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో ఉండే గ్లిజరిన్ జిడ్డు హెడ్‌కి పట్టుకుంటుంది. ముందుగా పోయినా ఫర్వాలేదనుకునే పాటల క్యాసెట్ ఒకటి వేసి, టేపు నమలట్లేదని చూసుకున్నాకే అసలువి. ఒక్కోదాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి తిప్పితే బిగుసుకున్న చుట్టలు వదులవుతాయి.

ఇంకో పని ఉంది, దయచేసి అన్నిటికంటే ముందు చేయండి. క్యాసెట్ పై అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేయండి. అప్పుడు పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా రికార్డు అవదు. దీని గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా మావయ్య అలా విరిచి ఉంచిన క్యాసెట్ రంధ్రాల్లో పదేళ్ల వయసులో కాగితం ఉండలు కుక్కి, రేడియోలో పాటలు ఎక్కించిన ఘనుణ్ణి నేనే. అందులో ఉన్నది అమ్మమ్మ గొంతు. ఇప్పుడు రెండు పాటల మధ్య నాలుగు సెకన్లు మిగిలింది. "ఒరే, ఇది తిరుగుతోందేటి?" అంటుంది. అంతే, పాట అందుకుంటుంది.

ఎక్కించే పద్ధతి ఇదీ. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి రెండు వైపులా పిన్ను ఉన్న తీగ తీసుకోండి. దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చితే చాలావాటిలో పని చేయదు, ఎందుకంటే అక్కడున్న ఒకే రంధ్రం హెడ్‌సెట్ కోసం. మైక్ లేదా లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు మధ్యలో పెట్టాలి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు, ఉచితం. ఇంట్లో ఒక్క మైకుతో ఎక్కించినవి కాబట్టి మోనో పెట్టుకోండి, 44,100 హెర్ట్జ్. టేప్ రికార్డర్ సౌండ్ సగానికి ఉంచి, గొంతు పెద్దదైనప్పుడు కూడా మీటర్ ఎర్రగీతని తాకకుండా చూడండి. క్యాసెట్ ఎంతసేపుంటే ఎక్కించడానికి అంతసేపూ కూర్చోవాలి, దీనికి అడ్డదారి లేదు. ఫైలు వేవ్‌గా దాస్తే నిమిషానికి 5 ఎంబీ చొప్పున పడుతుంది. గంట క్యాసెట్లు ఆరైనా 2 జీబీలో సర్దుకుంటాయి. వాట్సాప్‌లో పంచుకోవడానికి ఎంపీ3 కాపీ వేరే తీయండి. వేవ్ ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకోచోట గూగుల్ డ్రైవ్‌లో ఉంచండి.

ఆడాసిటీలో రొద తగ్గించే 'నాయిస్ రిడక్షన్' ఊరిస్తుంది. కానీ జముకు మీటితే వచ్చే జుంకారం ఆగకుండా సాగుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా రొదే అనుకుని కోసేయొచ్చు. కాపీ మీద, కొద్దికొద్దిగా ప్రయత్నించండి.

నా నోకియా 1100లో పాము ఆట స్కోరు ఉండిపోయింది. ఫోన్ ఆన్ అవట్లేదు. ఆన్ అయితే జియో సిమ్ వేసి వాడుకోవచ్చా?
- శ్రీకాకుళం, ఏడురోడ్ల జంక్షన్ నుంచి

బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు. దాని పేరు బీఎల్-5సీ, ఇప్పటికీ దొరుకుతుంది. స్కోరు ఫోన్ మెమరీలోనే ఉంటుంది, బ్యాటరీ తీసినంత మాత్రాన పోదు. జియో సిమ్ పని చేయదు. 2003లో వచ్చిన ఈ ఫోన్‌కి తెలిసింది 2జీ ఒక్కటే, జియోకి 2జీ లేదు. 2జీ సిగ్నల్ ఇచ్చే కంపెనీ సిమ్ అయితే పలుకుతుంది. ఇప్పటి చిన్న సిమ్‌కి పాత సైజు చట్రం తొడగాలి.

నెట్ సెంటర్లో బ్రౌజర్లోనే ఆడిన చిన్న ఆటలు ఇప్పుడు తెరుచుకోవట్లేదు. ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్ చేయమంటోంది. చేయనా?
- రాజాం నుంచి

చేయకండి. అడోబీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌ని ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో ఎవరు ఏది ఇచ్చినా అనుమానించాల్సిందే. రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్‌తో, అంటే ఫ్లాష్ చేసే పనిని దాని బదులు చేసే సాఫ్ట్‌వేర్‌తో, చాలా పాత ఆటలు ఆడతాయి.

చిన్నప్పటి ఆటలు పాపకి చూపిద్దామని 400 ఆటలుండే చేతి గేమ్ కొన్నాను. ఛార్జింగ్ నిలవట్లేదు. పాప కూడా పది నిమిషాలకే పక్కన పడేసింది.
- పలాస నుంచి ఒక అమ్మ

వెనక మూత తీసి చూడండి. ఇలాంటి చాలావాటిలో ఉండేది పైన శ్రీకాకుళం పాఠకుడికి చెప్పిన బీఎల్-5సీయే. మంచిది కొని మార్చుకోండి.

పాప సంగతి నా సబ్జెక్టు కాదు గానీ, మనం ఆ ఆటలు ఒంటరిగా ఆడింది తక్కువ. డబ్బాలో టీవీకి కలిపే తీగ, రెండో రిమోట్ వచ్చి ఉంటే టీవీకి పెట్టి ఇద్దరూ కూర్చోండి. మొదటి రిమోట్ పాపకివ్వండి. అసలు ఫామికామ్‌లో రెండో రిమోట్‌కి స్టార్ట్ బటనే ఉండేది కాదు, ఆట మొదలెట్టాలన్నా ఆపాలన్నా మొదటివాళ్ల చేతిలోనే. మా ఇంట్లో రెండోది ఎప్పుడూ మా తమ్ముడికే. నలభై దాటినా ఆ సంగతి పండక్కి వచ్చినప్పుడల్లా ఎత్తుతాడు.