రెండే ఇడ్లీలు, ముప్పావు గంట నడక... అయినా బరువెందుకు?

ప్రశ్న: నా వయసు 38, ఎత్తు 157 సెం.మీ. రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున్నే మాత్ర, కాఫీ అయ్యాక నడకకు వెళతాను. వచ్చాక రెండే ఇడ్లీలు. ఆరు నెలలుగా రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నాను. పిల్లలు పళ్లెంలో వదిలేసింది పారేయబుద్ధికాక తింటానంతే. అయినా 67 కిలోలు ఉన్నదాన్ని 70.5కి చేరాను. మొన్న ఓ గృహప్రవేశంలో మావారు ‘మా ఆవిడ గాలి పీల్చినా లావవుతుంది’ అని అందరినీ నవ్వించారు. దొంగతిండి తింటున్నానని అత్తయ్య అనుమానం. ఈమధ్య తిండి చూస్తేనే ఏడుపొస్తోంది.

జవాబు: ముందు లెక్క చూద్దాం. పెరిగిన మూడున్నర కిలోలూ కొవ్వే అనుకున్నా, ఆరు నెలల మీద రోజుకు పడేది సుమారు 150 కేలరీలు. అంటే ఒక పెద్ద చెంచాడు నూనె, ఇంకో కాస్త. ఇంత చిన్న తేడాకు దొంగతిండి అక్కర్లేదు, వంటింట్లో చెయ్యి కొంచెం వాలితే చాలు. ఈ మాట అత్తయ్యగారికి కూడా చెప్పండి.

మీరు అన్నం మీదే కన్నేశారు. అసలు సంగతి పక్కన ఉన్న గిన్నెలో ఉంది. రెండు ఇడ్లీలు కలిపి 120, 130 కేలరీలు. మీ వాటా పల్లీ చట్నీలోకి పిడికెడు పల్లీలు, అంటే 30 గ్రాములు పోతే అక్కడే 170. తాలింపు నూనె వేరే. ఇడ్లీ కంటే చట్నీ బరువన్నమాట! చట్నీ మానక్కర్లేదు. పల్లీలు సగం చేసి, టమాటానో పుదీనానో కలిపి రుబ్బండి, లేదా ఇడ్లీ సాంబారుతో తినండి. రెండు పుల్కాలకు వేపుడు తోడైతే, అన్నం మానిన లాభం ఆ వేపుడు నూనెలో పోతుంది.

నూనెను చెంచాలతో కొలుస్తూ కూర్చోవడం కష్టం, వారం దాటదు. నెల మొదట్లో కొనేటప్పుడే కొలవండి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు తెచ్చి, అయిపోతే మళ్లీ కొనకండి. మనిషికి రోజుకు 23 గ్రాములు పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన 2,000 కేలరీల పళ్లెంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే. అంటే నెయ్యికి కూడా కాస్త చోటుంది. పిల్లలు వదిలేసింది పారేయలేకపోతే, మొదటే తక్కువ వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టండి.

ముప్పావు గంట నడకకు మీ బరువుకు సుమారు 180 కేలరీలు ఖర్చవుతాయి. ‘ఇంత నడిచాను కదా’ అని సాయంత్రం మిక్చర్ డబ్బా తీస్తే అది పది నిమిషాల్లో చెల్లు. నడక మానకండి. గుండెకు, నిద్రకు, మనసుకు అది కావాలి. దానికి తోడు వారానికి మూడు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం పదేసి చొప్పున మూడు దఫాలు, గోడకు చేతులానించి నెట్టడం అలాగే చేయండి. మొదట్లో కండరాలు నీరు పట్టి ఓ కిలో పెరిగినట్టు కనిపించవచ్చు. దానికి భయపడి ఆపేయకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట ‘మాత్ర, కాఫీ అయ్యాక’ అన్నది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే వేసుకోవాలి. తరవాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, టిఫిన్ ఏదీ వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. వేళ సరిచేసుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ (మందు మోతాదు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించండి. మోతాదు మాత్రం సొంతంగా పెంచకండి. ఒక మాట: థైరాయిడ్ హార్మోన్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలాభాగం నీరు. కాబట్టి అంతా దాని మీదికి తోసేయలేం. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు, ఫిట్స్ మందులు, షుగర్‌కి వాడే కొన్ని మాత్రలు కూడా బరువు పెంచుతాయి. అవి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీరే ఆపేయకండి. నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా అదీ చెప్పాలి. కాళ్లు వాచి ఆయాసంతో నాలుగు రోజుల్లోనే బరువు పెరిగితే మాత్రం వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

తూకం రోజూ చూడకండి. నెలసరి ముందు, ఊరగాయ తిన్న మర్నాడు నీరే కిలో దాకా ఆడుతుంది. అది చూసి మధ్యాహ్నం పస్తుండటం, అయిదింటికి ఆవురావురుమని తినడం... ఇదో చక్రం. బుధ, ఆదివారాల్లో పొద్దున్నే దొడ్డికెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే యంత్రం మీద చూసి రాయండి. పక్కనే నడుం కొలత: చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటకూడదు. తూకం కదలకపోయినా నడుం తగ్గుతోందంటే కొవ్వు కరుగుతున్నట్టే.

ఇక మీవారి సంగతి. నలుగురిలో అన్న మాటకు నలుగురిలో జవాబివ్వకండి. ఇంటికొచ్చాక, కోపం చల్లారాక, ‘ఏమండీ, నా బరువు గురించి బయట జోకులొద్దు. అందరూ నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. తెలుసుకోవాలంటే ఇంట్లో అడగండి, చెబుతాను’ అనండి. అంతే, దెప్పిపొడుపులు కలపొద్దు. ఆ వెంటనే ఓ పని అప్పగించండి: నెలకు మూడు లీటర్ల నూనె ఆయనే తేవాలి. వేపుడు తగ్గిందని ఆయన గొణిగిన రోజున ఆ 150 కేలరీలు ఎక్కడున్నాయో ఆయనకే తెలుస్తుంది.

తిండి చూస్తే ఏడుపు రావడాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలకు మించి అలాగే ఉన్నా, చాటుగా ఎక్కువ తినేసి కక్కాలనిపించినా, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఎనిమిది వారాలయ్యాక కూడా తూకం, నడుం రెండూ పెరుగుతూనే ఉంటే ఆ రాసిన కాగితం, టీఎస్‌హెచ్ రిపోర్టు, వాడే మందుల అట్టలు సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ‘ఏం తింటున్నావమ్మా?’ అన్న ప్రశ్నకు తల దించుకోకుండా కాగితం చేతికిస్తే సరి.