షోలో గెలిచిన మగకుక్క సరే, దాని పిల్లలకి చెవులు వినపడతాయా?

"మా రాజపాళయం ఆడకుక్కకి ఛాంపియన్ మగకుక్కతో క్రాసింగ్ చేయిస్తే షో క్వాలిటీ పిల్లలు వస్తాయా" అని మీలో ఒకరు అడిగారు. రాజపాళయం అంటే తమిళనాడులో అదే పేరున్న ఊరి తెల్ల కుక్క జాతి, షో క్వాలిటీ అంటే డాగ్ షోలో నిలబడేంత మంచివి. ఆ మగకుక్క ఎన్ని కప్పులు గెలిచిందో పక్కన పెట్టి, ఇంతకుముందు దానికి పుట్టిన పిల్లలన్నీ వింటున్నాయా అని అడగండి ముందు. మా చిత్తూరు వైపు ఈ ప్రశ్న అడిగేవాళ్ళే కనపడరు, తెలుపు ఎంత స్వచ్ఛంగా ఉంది, ముక్కు గులాబీ రంగేనా, ఎత్తెంత, అంతటితో సరి.

మా చిన్నాయన మామిడితోట కాపలాకి మొదట్నుంచీ రాజపాళయాలే పెంచుతాడు, మంచి పిల్ల పుడితే చెన్నై షోలకి కూడా తీసుకెళ్తాడు. ఒకసారి పుట్టిన పిల్లల్లో ఒక మగది ఉండేది, పాలరంగు, ఒంటి మీద ఎక్కడా చుక్క లేదు, నడక చూస్తే అప్పుడే రింగ్‌లో తిరుగుతున్నట్టు ఉండేది. ఒకాయన వీడియో కాల్‌లో చూసి వెంటనే అడ్వాన్స్ పంపేశాడు. నాకు మాత్రం డౌట్ వచ్చింది, ఎందుకంటే మిగతావి గేటు చప్పుడుకే లేచి పరిగెత్తేవి, ఇది పక్కది కదిలితే గానీ కళ్ళు తెరిచేది కాదు. మధ్యాహ్నం అన్నీ నిద్రపోతున్నప్పుడు దాన్ని విడిగా గోనెసంచి మీద పడుకోబెట్టి వెనకనుంచి స్టీలు గ్లాసు మీద స్పూన్‌తో కొట్టాను. కదల్లేదు. బండి తాళాలు ఆడించాను, ఈల వేశాను, అయినా అట్టాగే పడుకుంది. నేల మీద కాలు గట్టిగా తడితే మాత్రం ఠక్కున తలెత్తింది. చాలామంది ఇక్కడే మోసపోతారు, ప్లేటు నేలకేసి కొట్టి పిల్ల లేచింది కాబట్టి చెవులు బాగున్నాయంటారు, అది లేచింది నేల అదిరినందుకు.

చిన్నాయనకి చెప్తే "ఏమిరా, ఇంత మంచి పిల్లకి వంక పెడతావా" అని కోప్పడ్డాడు. తర్వాత ఆయనే రకరకాల చప్పుళ్ళు చేసి చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చినాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలాయన ఏమన్నాడో తెలుసా, "పర్లేదు సార్, రింగ్‌లో జడ్జి చెవులు వినపడతాయా అని చూడడు కదా, తర్వాత స్టడ్‌కి పెట్టుకుంటా" అన్నాడు, అంటే ఆడకుక్కల్ని దాటించడానికి. నాకు ఒళ్ళు మండిపోయింది. జడ్జి పళ్ళు చూస్తాడు, వీపు తడుముతాడు, వృషణాలు రెండూ దిగాయా లేదా చూస్తాడు, పరిగెత్తించి నడక చూస్తాడు, వినికిడి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అలాంటి కుక్క గెలిచి, ఊరంతా దాని దగ్గరికే ఆడకుక్కల్ని తీసుకొస్తే ఆ చెవుడు ఎన్ని ఇళ్ళకి పాకుతుందో ఆలోచించండి. చిన్నాయన అడ్వాన్స్ వెనక్కిచ్చేసి, పెద్దయ్యాక దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తోటలోనే పెట్టుకున్నాడు. చేతి సైగ చేస్తే చాలు, చెప్పినట్టు వింటుంది.

అసలు గొడవంతా ఆ తెలుపులోనే ఉంది. రంగునిచ్చే కణాలు చర్మానికే కాదు, లోపలి చెవికీ కావాలి. అక్కడ అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాల్లోనే శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ రావు. డాల్మేషియన్లదీ ఇదే బాధ, అమెరికాలో టెస్ట్ చేసిన వాటిలో దాదాపు 30 శాతం కుక్కలకి కనీసం ఒక చెవి పనిచేయదు. పుట్టుకతో పెద్ద నల్ల ప్యాచ్ ఉన్న పిల్లల్లో చెవుడు తక్కువ, కానీ షోలో ప్యాచ్ ఉన్నదాన్నే పక్కన పెట్టేస్తారు! మనవాళ్ళూ అంతే, రాజపాళయంలో అప్పుడప్పుడూ పుట్టే రంగు పిల్లల్ని పనికిరావని తీసేస్తారు, నన్నడిగితే బ్రీడింగ్‌కి దాచుకోవాల్సింది వాటినే.

ఇంకోటి, 30 రోజులకే పిల్లల్ని అమ్మేసే వాళ్ళని చూస్తే నాకు చాలా కోపం. కేంద్రం తెచ్చిన 2017 కుక్కల బ్రీడింగ్ రూల్స్ ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు, అయినా ఫొటోకి రిబ్బన్ కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి నెలకే పంపించేస్తారు. చెవుడు ఖాయంగా తెలిసేది ఐదారు వారాలకి, ఈలోపే అమ్మేస్తే టెస్ట్ ఎవరు చేస్తారు?

పైగా ఒక్క చెవే పోయిన పిల్ల ఇంటి టెస్ట్‌కి దొరకదు, మామూలు కుక్కలాగే తిరుగుతుంది, బేర్ టెస్ట్ (శబ్దానికి మెదడు స్పందిస్తుందా అని ఒక్కో చెవికీ మెషిన్‌తో చూసే పరీక్ష) ఒక్కటే దాన్ని పట్టుకుంటుంది. అందుకే మగకుక్క అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంగతి కూడా అడగమంటాను. పేపర్స్‌లో తాతముత్తాతల పేర్లు చూడండి, మీ ఆడకుక్క పేపర్స్‌లోనూ అవే పేర్లుంటే వద్దు. తండ్రీకూతుళ్ళని కలిపితే పుట్టే పిల్లల ఇన్‌బ్రీడింగ్ లెక్క (దగ్గరి రక్తం ఎంత కలిసిందో చెప్పేది) 25 శాతం, తండ్రి ఒకటే అయి తల్లులు వేరైనవాటిని కలిపితే 12.5 శాతం. మంచి వంశాన్ని నిలబెడుతున్నాం అంటూ దానికి లైన్ బ్రీడింగ్ అని పేరు పెట్టుకుంటే నష్టం తగ్గదు.

నాకీ జాతి మీద అభిమానం ఎక్కువ, 2005లో పోస్టల్ స్టాంప్ మీద కూడా వేశారు, రాజపాళయం ఊళ్ళో రాజుల కులంవాళ్ళు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మన కుక్కే అనిపిస్తుంది. మీ ఆడకుక్కకి 18 నెలలు నిండకపోతే మేటింగ్ మాట ఎత్తకండి, అదీ రూలే. నిండితే ముందు దానికి బేర్ టెస్ట్ చేయించండి, మగకుక్క ఓనర్ దగ్గర కప్పుల ఫొటోలు కాకుండా పాత లిట్టర్ల పిల్లలు కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకోండి. ఇవ్వనంటే వేరే మగకుక్కని చూసుకోండి.