విండోస్ 10 నడిచే పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్ మంచిది?

బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు, కాస్త తెలుగు టైపింగ్ — మీరు చేసే పనులు ఇవే అయితే లినక్స్ మింట్ పెట్టుకోండి. లినక్స్ విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమే, మింట్ దానిలో ఒక రకం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి మారాలనుకోవడం సబబే.

మింట్‌లో సిన్నమన్ ఎడిషన్ తీసుకుంటే విండోస్‌లోలాగే మెనూ ఎడమవైపు కింద, గడియారం కుడివైపు కింద ఉంటాయి. చేతికి కొత్తగా అనిపించదు. 4 జీబీ ర్యామ్ ఉంటే సాఫీగానే నడుస్తుంది. అంతకన్నా తక్కువైతే తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ మేలు. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఫెడోరా అనే మరో లినక్స్ కూడా చక్కనిదే, కానీ ఒక్కో వెర్షన్‌కు మద్దతు దాదాపు 13 నెలలే. ఏటా అప్‌గ్రేడ్ చేసే ఓపిక ఉంటేనే అటు వెళ్లండి. ఆర్చ్ అనే ఇంకో లినక్స్ గురించి స్నేహితులు ఊదరగొడతారు, ప్రస్తుతానికి వినకండి.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి చూడండి. హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. వైఫై దొరుకుతోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, మూత మూసి తెరిస్తే యంత్రం మేల్కొంటోందా, ఈ మూడూ చూడండి. పేచీ పెట్టేది ఎక్కువగా వైఫై చిప్పే.

తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానితోపాటు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి రెండూ వస్తాయి.

ట్యాలీ మీద లెక్కలు రాసేవారైతే మాత్రం విండోస్‌ను పూర్తిగా తీసేయకండి. అది లినక్స్‌కు రాలేదు.