కార్ల కుటుంబం మీద నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ నవల చిత్తుప్రతి చదివాను. తాత, తండ్రి, కూతురు, ముగ్గురికీ కార్ల పిచ్చే. కానీ ముగ్గురూ ఒకేలా నడుపుతున్నారు. కారు ఎవరి చేతిలో ఉన్నా ‘బాణంలా దూసుకుపోయింది’ అనే రాశావు. బాణానికి డ్రైవరుతో పనేముంది? ఆ మాట కనిపించిన చోటల్లా కొట్టేయి.

తాత కారు గేర్‌బాక్సులో సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలు వాటంతటవే కలిసేలా చేసే ఏర్పాటు, ఉండదు. గేరు తగ్గించాలంటే క్లచ్ నొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక్క తొక్కు తొక్కాలి, మళ్ళీ క్లచ్ నొక్కి కింది గేరు వెయ్యాలి. లెక్క తప్పితే గేరు పళ్ళు కరకరమంటాయి. అమెరికన్ కార్ల కంపెనీ కాడిలాక్ 1928లోనే సింక్రోమెష్ తెచ్చినా, చాలా కార్లలో మొదటి గేరుకి ఆ సుఖం దక్కడానికి దశాబ్దాలు పట్టింది. అందుకని ఆయన కారు నడిపేది సగం చెవితోనే. పక్క సీట్లో ఎవరు మాట్లాడినా విసుక్కునే మనిషిని చెయ్యి. ఎందుకు విసుక్కుంటాడో మాత్రం చెప్పకు.

అసలు కథ తండ్రికీ కూతురికీ మధ్య ఉంది, నువ్వు దాన్ని ఒక పేరాలో దాటేశావు. తడిరోడ్డు మీద బ్రేకు ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగుసుకుంటాయి, ఇక స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మాట వినదు. అందుకే తండ్రి తరం ‘తొక్కి వదులు, తొక్కి వదులు’ అని నేర్చుకుంది. పిల్లలకీ అదే నూరిపోసింది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ఎలక్ట్రానిక్ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) వచ్చాక, అలాంటి కార్లలో ఆ పాఠం తలకిందులైంది. తొక్కి వదిలే పని యంత్రమే సెకనుకి ఎన్నోసార్లు చేసుకుంటుంది. డ్రైవరు గట్టిగా తొక్కి అలాగే పట్టుకోవాలి. అప్పుడు పెడల్ అరికాలి కింద దడదడా కొట్టుకుంటుంది. తెలియనివాళ్ళు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. అర సెకను కాలు లేపితే 14 మీటర్లు బ్రేకు లేకుండా పోయినట్టే. నాన్న ప్రేమగా నేర్పిన పాఠమే కూతురి కాలు పైకి లేపుతుంది. ఇంతకంటే మంచి సన్నివేశం నీకెవరిస్తారు?

ఇక తండ్రి చనిపోయిన ట్రాక్‌లోనే, అదే వయసుకి కూతురికీ ప్రమాదం జరగడం. వద్దు. ఇటలీ రేసు డ్రైవరు ఆంటోనియో అస్కారీ 1925లో ఫ్రాన్సులోని మోంట్లేరీ ట్రాక్‌లో రేసు నడుపుతూ పోయాడు, వయసు 36. కొడుకు ఆల్బెర్తో 1952, 53లలో ఫార్ములా వన్ కార్ల రేసుల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యి, 1955లో ఇటలీలోని మోంజా ట్రాక్ మీద పోయాడు. అతనికీ 36 ఏళ్ళే. ఇద్దరూ పోయింది 26వ తేదీనే. చరిత్ర కాబట్టి నోరు మూసుకుని నమ్ముతాం, నవలలో రాస్తే ‘రచయిత్రి లాక్కొచ్చింది’ అంటారు.

దానికన్నా ఇంగ్లండ్ రేసు డ్రైవరు డేమన్ హిల్‌ని చూడు. తండ్రి గ్రాహం రెండుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్. 1975లో విమాన ప్రమాదంలో పోయేనాటికి డేమన్‌కి 15 ఏళ్ళు. అతను ముందు మోటారు సైకిళ్ళ రేసుల్లోకి వెళ్ళాడు, కార్లలోకి ఆలస్యంగా వచ్చాడు, 1996లో ఛాంపియన్ అయ్యాడు. హెల్మెట్ మీద మాత్రం తండ్రి వాడిన గుర్తే, లండన్ రోయింగ్ క్లబ్ అనే పడవ పందేల క్లబ్ వాళ్ళ ముదురు నీలం మీద తెల్ల తెడ్లు. పడవ తెడ్లు రేసు కారెక్కడం నాకు భలే నచ్చుతుంది. వారసత్వం గురించి నువ్వు రాసిన రెండు పేజీల ఉపన్యాసం తీసేసి, ఇలాంటి వస్తువొకటి ఆ అమ్మాయి చేతికివ్వు. అది తాతది కావాలా, నాన్నది కావాలా అన్నది నీ ఇష్టం.

బ్రేకు సన్నివేశం ముందు రాసి పంపు. తాత పెళ్ళి అధ్యాయం తర్వాత చూద్దాం. అందులో కారు ఎలాగూ లేదు.