కిడ్నీ మార్పిడి తర్వాత వైరస్ అనుమానం: సీక్వెన్సింగ్ ముందా, పీసీఆర్ ముందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. కిడ్నీ మార్పిడి జరిగి ఏడు నెలలైంది. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ వాడుతున్నాను. మొన్నటిదాకా 1.2 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఇప్పుడు 1.7కి చేరింది. జ్వరం, నొప్పి లేవు. బీకే వైరస్‌కు పీసీఆర్ (ఒక్కో వైరస్‌ను ప్రత్యేకంగా వెతికి, ఎంత ఉందో లెక్కించే పరీక్ష) చేయించమన్నారు. అన్ని వైరస్‌లనూ ఒకేసారి పట్టే జన్యు సీక్వెన్సింగ్ పరీక్ష ఉందని చదివాను. నేరుగా అదే చేయించుకోవచ్చా?

జవాబు: వద్దండి. మీ డాక్టర్ చెప్పిన పీసీఆరే ముందు చేయించుకోండి, ఆలస్యం చేయకుండా.

బీకే వైరస్ చాలామందికి చిన్నతనంలోనే సోకి, కిడ్నీల్లో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడతాం కాబట్టి కొందరిలో మళ్లీ విజృంభిస్తుంది. ముందు మూత్రంలో, కొన్ని వారాలకు రక్తంలో కనిపిస్తుంది, ఆపైన కొత్త కిడ్నీని దెబ్బతీయవచ్చు. సాధారణంగా జ్వరం రాదు, నొప్పి ఉండదు. అందుకే ఏ లక్షణమూ లేకపోయినా మొదటి 9 నెలలు నెలకోసారి, తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి రక్తంలో వెతకాలి.

ఇక్కడ వైరస్ ఉందా లేదా అన్నదానికంటే ఎంత ఉందన్నదే ముఖ్యం. మిల్లీలీటరు ప్లాస్మాలో 1,000 కాపీలకు మించి రెండు మూడు వారాలు కొనసాగినా, 10,000 దాటినా రోగనిరోధక శక్తిని అణిచే మందుల మోతాదు తగ్గిస్తాం. బీకేను అణిచే నమ్మకమైన యాంటీవైరల్ మందు లేదు, మోతాదు తగ్గించడమే చికిత్స. ఆ లెక్క పీసీఆర్ చెప్పినంత నమ్మకంగా సీక్వెన్సింగ్ చెప్పదు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ల్యాబ్ మారితే అంకెలు మారతాయి, వైరస్ పెరిగిందో తగ్గిందో తెలియదు.

క్రియాటినిన్ పెరగడానికి రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం) కూడా కారణం కావచ్చు. అదైతే మందులు పెంచాలి, బీకే అయితే తగ్గించాలి. పొరపాటుపడితే కిడ్నీకే ముప్పు. అందుకే అవసరమైతే బయాప్సీ చేస్తారు, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. బీకే కిడ్నీ అంతటా సమానంగా ఉండదు, అక్కడక్కడా ఉంటుంది. కనీసం రెండు ముక్కలు, లోపలి మెడుల్లా భాగం కూడా వచ్చేలా తీయాలి, కణాల్లో బీకేను పట్టిచూపే ఎస్‌వీ40 స్టెయిన్ (రంగు పరీక్ష) వేయించాలి. టాక్రోలిమస్ ఎక్కువైనా క్రియాటినిన్ పెరుగుతుంది. దాని లెవెల్‌కు రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి.

మరి సీక్వెన్సింగ్ ఎప్పుడు? పీసీఆర్ మనం వెతకమన్న వైరస్‌నే వెతుకుతుంది. మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్ నమూనాలోని జన్యుపదార్థం మొత్తాన్నీ చదివి, మనిషిది పక్కన పెట్టి, మిగిలినదాన్ని తెలిసిన సూక్ష్మజీవులతో పోలుస్తుంది. ఆస్ట్రేలియాలో ఒకే దాత అవయవాలు పొందిన ముగ్గురు కొద్ది వారాల్లోనే చనిపోయారు. మామూలు పరీక్షలేవీ కారణం చెప్పలేదు. సీక్వెన్సింగ్ చేస్తే ఎరినావైరస్ కుటుంబానికి చెందిన, అంతవరకూ ఎవరికీ తెలియని కొత్త వైరస్ బయటపడింది. 2008లో ఆ వివరాలు ప్రచురించారు. తగ్గని జ్వరం, మెదడువాపు, న్యుమోనియా ఉండి, మామూలు పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చినప్పుడు ఈ పరీక్ష నిజంగా అక్కరకొస్తుంది.

దానికీ ఇబ్బందులున్నాయి. నమూనాలో అత్యధిక భాగం మనిషి జన్యుపదార్థమే కాబట్టి వైరస్ కొద్దిగా ఉంటే తప్పిపోవచ్చు. నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. డీఎన్ఏ మాత్రమే చదివే పరీక్షలో హెపటైటిస్-ఈ లాంటి ఆర్ఎన్ఏ వైరస్‌లు దొరకవు, ఆ సంగతి ల్యాబ్‌ను ముందే అడగండి. ఇక రిపోర్టులో టార్క్ టెనో వైరస్ అని కనిపిస్తే కంగారుపడొద్దు. మార్పిడి జరిగినవారిలో చాలామందికి అది ఉంటుంది, జబ్బు చేస్తుందన్న ఆధారం లేదు. మన మందులు రోగనిరోధక శక్తిని ఎంతగా అణిచాయో దాని పరిమాణం కొంత సూచిస్తుంది, అంతే.

ఇంకో రకం సీక్వెన్సింగ్ మాత్రం మా చేతిలో గట్టి ఆయుధం. సీఎంవీ (సైటోమెగలో వైరస్)కు గాన్‌సైక్లోవిర్ లేదా వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే యాంటీవైరల్ మందును సరైన మోతాదులో రెండు వారాలకు పైగా ఇచ్చినా రక్తంలో వైరస్ పరిమాణం తగ్గకపోతే, ఆ వైరస్‌లోని యూఎల్97, యూఎల్54 జన్యువుల్లో మార్పులు వెతికిస్తాం. వైరస్ మందుకు లొంగకపోవడానికి కారణం తరచుగా అక్కడే దొరుకుతుంది. మందు మార్చాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. మూత్రపిండాల పనితీరు చూసి వాల్‌గాన్‌సైక్లోవిర్ మోతాదును మరీ తగ్గించినా ఇలా లొంగని వైరస్ తయారవుతుంది.

రిపోర్టులు వచ్చేదాకా మీ అంతట మీరు ఏ మాత్రా మానొద్దు, తగ్గించొద్దు. మూత్రం తగ్గినా, అందులో రక్తం కనిపించినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి పుట్టినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు మీ మార్పిడి బృందాన్ని కలవండి.