అజూర్ హబ్‌లో ఫైర్‌వాల్ పెట్టాక ఆఫీసు నుంచి స్పోక్ సర్వర్‌కు కనెక్షన్ ఎందుకు టైమౌట్ అవుతోంది?

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో హబ్ అంటే నడుమ ఉండే నెట్‌వర్క్, స్పోక్ అంటే దానికి కలిపిన నెట్‌వర్క్. ఆఫీసు 192.168.0.0/16, హబ్ 10.0.0.0/16, స్పోక్ 10.1.0.0/16, ఫైర్‌వాల్ 10.0.1.4 అనుకుందాం. స్పోక్ రూట్ టేబుల్‌లో (ఏ చిరునామాకి ఏ దారో చెప్పే పట్టిక) గేట్‌వే నుంచి వచ్చే రూట్లను ఆపి, 0.0.0.0/0ని, అంటే వేరే రూట్ లేని ట్రాఫిక్ అంతటినీ, ఫైర్‌వాల్‌కి మళ్లించారు. కానీ ఆఫీసును హబ్‌తో కలిపే వీపీఎన్ గేట్‌వేకి ఆ సంగతి తెలియదు. అది పీరింగ్ (హబ్, స్పోక్‌లను కలిపే లింకు) మీదుగా సిన్ ప్యాకెట్‌ను, అంటే కనెక్షన్ మొదలుపెట్టే మొదటి ప్యాకెట్‌ను, నేరుగా స్పోక్‌కి పంపేస్తుంది. జవాబు మాత్రం ఫైర్‌వాల్ దగ్గరికొస్తుంది. మొదటి ప్యాకెట్‌నే చూడని ఫైర్‌వాల్ ఈ జవాబును (సిన్-యాక్) పడేస్తుంది. రూల్స్ ఎన్ని మార్చినా ఇది తీరదు, తప్పు ప్యాకెట్లు వెళ్లే దారిలో ఉంది.

గేట్‌వే సబ్‌నెట్‌కి రూట్ టేబుల్ తగిలించి, 10.1.0.0/16కి నెక్స్ట్ హాప్‌గా (తర్వాతి మజిలీ) 10.0.1.4 ఇవ్వండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: సులువని 10.0.0.0/8 రాస్తారు. పీరింగ్ వల్ల వచ్చే /16 దానికంటే నిర్దిష్టం కాబట్టి అదే గెలుస్తుంది, మీ రూట్ ఉన్నా లేనట్టే. ప్రిఫిక్స్, అంటే చిరునామా శ్రేణి, సమానంగా ఉంటేనే మనం రాసిన రూట్‌కి ప్రాధాన్యం. ఈ టేబుల్‌లో 0.0.0.0/0 మాత్రం వద్దు, గేట్‌వేకి అది సపోర్ట్ లేదు.

స్పోక్ టేబుల్‌లో గేట్‌వే రూట్ ప్రాపగేషన్ (గేట్‌వే రూట్లు తమంతట వచ్చి చేరడం) ఆపే ఉంచండి. లేకపోతే బీజీపీతో (రూట్లను పంచుకునే ప్రోటోకాల్) వచ్చిన 192.168.0.0/16 మీ డిఫాల్ట్ రూట్‌ను దాటేసి, జవాబులు ఫైర్‌వాల్‌ను తప్పించుకుంటాయి. గేట్‌వే సబ్‌నెట్‌లో మాత్రం దాన్ని ఆపకండి, గేట్‌వే పనిచేయదు.

స్పోక్‌ల మధ్య ట్రాఫిక్ కావాలంటే పీరింగ్‌లో ఫార్వర్డెడ్ ట్రాఫిక్‌ను (వేరే నెట్‌వర్క్ నుంచి మళ్లి వచ్చే ట్రాఫిక్) అనుమతించాలి. చివరగా స్పోక్ సర్వర్ వీఎం (వర్చువల్ మెషీన్) నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లో ఎఫెక్టివ్ రూట్స్ (నిజంగా అమల్లో ఉన్న రూట్లు) తెరవండి: 0.0.0.0/0 ఎదురుగా 10.0.1.4 ఉండాలి, 192.168.0.0/16 అసలు కనిపించకూడదు.